గాయం వాళ్ల ఒంటి మీద.. కాగితం ఎవరి చేతిలో?

(ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం వినడానికి చాలా చిన్నది. యుద్ధంలో గాయపడిన సైనికుడు ఆ గాయానికి రావాల్సిన పతకం ఇమ్మని అడుగుతున్నాడు. ఇంతే సంగతి. దీని మీద సభ ఎందుకు, ప్రసంగాలు ఎందుకు అని ఎవరికైనా అనిపించవచ్చు. పత్తికి గిట్టుబాటు ధర లేదు, మిరప కోతకు కూలీ ఖర్చులు కూడా రావడం లేదు, ఈ రోజుల్లో పతకం గొడవేమిటి అని కూడా అనవచ్చు.

ముందే చెబుతున్నా. ఈ పతకంతో డబ్బు రాదు. శౌర్య పతకాలకు ఉన్నట్టు దీనికి నెలనెలా భత్యం లేదు. అయినా డెబ్బై ఏళ్లు దాటిన మనిషి చేతికర్ర పట్టుకుని దాని కోసం ఆఫీసు మెట్లు ఎక్కుతున్నాడంటే, ఆయన అడిగేది లోహపు బిళ్ల కాదని మనకు అర్థం కావాలి. "నువ్వు పంపితే వెళ్లాను. అక్కడ నాకు దెబ్బ తగిలింది. ఆ మాట నిజమని నువ్వు నీ నోటితో చెప్పు." ఆయన అడిగేది ఇదీ. అడుగుతున్నది రాజ్యాన్ని. అది భిక్ష కాదు, హక్కు.

ఆ హక్కుకి అడ్డం పడుతున్నది శత్రువు కాదు, చట్టం కూడా కాదు. కాగితం. ఆ కాగితం ఎవరి దగ్గర ఉండాలి, ఎవరు పోగొట్టారు, ఎవరిని తెమ్మంటున్నారు అనేదే ఇవాళ నేను చెప్పదలుచుకున్నది.

ఏ పతకం?

సైన్యంలో పతకాలు అనేక రకాలు. ధైర్యం చూపినవాడికి ఇచ్చేవి వేరు. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర ఆ కోవలోవి. ఫలానా యుద్ధంలో ఫలానా చోట పని చేశాడని ఇచ్చేవి వేరు. 1965 యుద్ధానికి సమర సేవా స్టార్, రక్షా మెడల్ ఇచ్చారు. 1971కి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఇచ్చారు. శ్రీలంకకు వెళ్లిన శాంతి సేన వాళ్లకి స్పెషల్ సర్వీస్ మెడల్ ఇచ్చారు. ఇవి ఆ దళంతో పాటు వెళ్లిన వాళ్లందరికీ వచ్చేవి.

గాయపడ్డవాడికి మాత్రమే ఇచ్చేది ఇంకొకటి ఉంది. మొదట దాన్ని ఊండ్ మెడల్ అన్నారు, తర్వాత పరాక్రమ్ పదక్ అన్నారు. 1973లో పెట్టారు. తెల్లటి పట్టీ, మధ్యలో ఎర్ర గీత. గాయానికి కట్టిన గుడ్డ మీద నెత్తురు మరకలా ఉంటుంది. శత్రువు నేరుగా జరిపిన దాడిలో గాయపడి ఉండాలన్నది దాని షరతు. యుద్ధమైనా సరే, తీవ్రవాదుల మీద ఆపరేషన్ అయినా సరే. సిపాయా, కర్నలా అన్న తేడా లేదు. ధైర్యంగా పోరాడావా లేదా అని కూడా అడగరు. దెబ్బ తగిలిందా, శత్రువు వల్లే తగిలిందా అన్నవే రెండు ప్రశ్నలు.

స్వాతంత్ర్యం వచ్చిన ఇరవై ఆరేళ్లకి ఈ పతకం పుట్టింది. అంతకు ముందు సంగతి కొంచెం చూద్దాం.

తెల్లదొరల పటాలంలో

బ్రిటిష్ వాళ్ల సైన్యంలో గాయానికి పతకం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, గాయపడ్డవాడు చొక్కా చేతి మీద కుట్టుకోవడానికి ఒక గీత ఇచ్చారు. గాయాలతోనో జబ్బుతోనో సైన్యం నుంచి బయటపడ్డవాడికి ఒక వెండి బిళ్ల ఇచ్చారు. అంతటితో సరి. యుద్ధానికి వెళ్లిన వాళ్లకి ఇచ్చే బ్రిటిష్ వార్ మెడల్ని కూడా సిపాయికి వెండితో చేయించి, మన దేశం నుంచి వెళ్లిన కూలీ దళాల వాళ్లకి కంచుతో చేయించారు. మోసిన బరువు ఒకటే, తిన్న బాంబు ఒకటే. పతకం దగ్గరికి వచ్చేసరికి లోహం మారిపోయింది.

మన ప్రాంతం వాళ్ల సంగతి ఇంకా విచిత్రం. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక, దక్షిణాది వాళ్లు యుద్ధానికి పనికొచ్చే జాతులు కాదన్న సిద్ధాంతంతో మద్రాసు పదాతి దళాలను ఒక్కొక్కటిగా ఎత్తేశారు. జపాను వాళ్లు ముంచుకొస్తారన్న భయం పట్టుకునేసరికి, 1941లో, మద్రాసు రెజిమెంటును మళ్లీ పెట్టారు. అవసరం పడితే వీరుడు, అవసరం తీరితే పనికిరానివాడు. రాజ్యాలకు ఇది అలవాటే.

అప్పుడు మన ఊళ్ల నుంచి చాలామంది వెళ్లారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం గురించి మీరు వినే ఉంటారు. దాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి వాళ్లు వెళ్లారు, ఊళ్లో అమరులకి స్మారకం కట్టుకున్నారు. మన వైపు మార్కాపురం, గిద్దలూరు మెట్ట ఊళ్లలో సైన్యానికి వెళ్లడం ఇప్పటికీ ఆనవాయితీ. అక్కడ వాన మీద ఆధారపడిన చేను ఒక ఏడు పండితే రెండేళ్లు ఎండుతుంది. పటాలంలో జీతం నెల నెలా వస్తుంది. దేశభక్తి ఉంది, కాదనను. పొయ్యి మీద ఎసరు సంగతి కూడా ఉంది. రెండూ చెప్పుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

బర్మా యుద్ధంలో ఒక సంఘటన చెబుతాను. 1942 ఫిబ్రవరిలో సిట్టాంగ్ వంతెన దగ్గర ఒక యువ కెప్టెన్ పొట్టలో మెషిన్ గన్ తూటాలు దిగాయి. ఆయన బతకడని అందరూ అనుకున్నారు. అది చూసిన జనరల్ కోవన్, చనిపోయిన వాళ్లకి మిలటరీ క్రాస్ ఇవ్వరు కదా అని, తన చొక్కా మీది మిలటరీ క్రాస్ పట్టీని తీసి అక్కడికక్కడే ఆ కెప్టెన్‌కి పెట్టాడు. ఆ కెప్టెన్ బతికాడు. ఆయనే శాం మానెక్‌షా. తర్వాత 1971లో మన సైన్యాన్ని నడిపినవాడు.

గొప్ప కథ. ఇందులో మనం గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆయన గాయాన్ని ఒక జనరల్ కళ్లారా చూశాడు. అదే యుద్ధంలో అదే రోజు కంచరగాడిదల్ని తోలే మనిషికి, వంట చేసే మనిషికి, వంతెన దుంగలు మోసే మనిషికి తూటా తగిలితే పక్కన ఏ జనరల్ ఉంటాడు? పక్కన ఉన్నది వాడిలాంటి ఇంకొకడే. సాక్షి ఉన్నాడు, కానీ ఆ సాక్షికి సంతకం లేదు. పేదవాడి గాయానికి ఎప్పుడూ వచ్చే చిక్కు ఇదే.

మన గుంటూరు సీమలో దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. 1921, 22లో పెదనందిపాడులో పన్నులు కట్టం పొమ్మని రైతులు తెల్లవాడికి ఎదురు తిరిగారు. దేశమంతా వాళ్లని చూసి గర్వపడింది. 1972లో స్వాతంత్ర్య సమర యోధులకి తామ్రపత్రాలు, పింఛన్లు ఇచ్చారు. నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరిన వాళ్లు కూడా ఆ పింఛనుకి అర్హులే. అది న్యాయం. మరి తెల్లవాడి పటాలంలోనే ఉండిపోయి బర్మాలో కాలు పోగొట్టుకొచ్చినవాడు? ఆయన సమర యోధుల జాబితాలో లేడు. పరాక్రమ్ పదక్ నాటికి లేనే లేడు. తెల్లవాడు ఓడ ఎక్కి వెళ్లిపోయాడు, మనవాళ్లు ఆయన్ని తెల్లవాడి మనిషన్నారు. ఆ తరంలో ఇప్పుడు బతికున్న వాళ్లు ఏ కొందరో. వాళ్లకి చేసిన అన్యాయం తిరిగి దిద్దలేం. కానీ 1971 వాళ్లు, శ్రీలంక వాళ్లు, కార్గిల్ వాళ్లు మన మధ్యే ఉన్నారు. వాళ్లకి అదే జరగనిద్దామా?

కాగితం ఎలా మాయమైంది?

ఒక మనిషిని ఊహించుకుందాం. పేరు వద్దు. పర్చూరు వైపు పత్తి చేల ఊరు. 1971లో ఇరవై ఏళ్లవాడు. తూర్పున మోర్టారు గుండు పేలి తొడలో ఇనుపముక్క దిగింది. ఫీల్డ్ ఆస్పత్రిలో పైన కుట్లు వేశారు. ముక్క లోపలే ఉండిపోయింది. తర్వాత మెడికల్ బోర్డు ఆయన వైకల్యం 20 శాతం లోపే అంది. 20 శాతం లేకపోతే వైకల్యం పింఛను లేదు. పదిహేనేళ్ల సర్వీసు నిండకుండా ఇంటికొచ్చాడు కనుక సర్వీసు పింఛను కూడా లేదు. వచ్చి కౌలుకి నాలుగెకరాలు తీసుకుని పత్తి వేసుకున్నాడు. కుంటుతూనే మందు కొట్టాడు, కుంటుతూనే అరకతోలాడు. పతకం ఒకటి ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు తెలిసింది. అర్జీ పెట్టాడు. ఏం జవాబు వస్తుంది?

సైన్యం నిబంధన ఒకటి ఉంది. పింఛను లేకుండా వెళ్లిపోయినవాడి సర్వీసు పత్రాలను 25 ఏళ్లు దాచి, ఆ తర్వాత ధ్వంసం చేస్తారు. మిగిలేది లాంగ్ రోల్ అనే పెద్ద రిజిస్టరు. అందులో ఆయనకి ఒక్క వరుస. నంబరు, పేరు, చేరిన రోజు, వెళ్లిన రోజు, వెళ్లడానికి కారణం. తొడలో ఇనుపముక్కకి ఆ వరుసలో చోటు లేదు. అందుకని జవాబు ఇలా ఉంటుంది: మీ పత్రాలు గడువు తీరి ధ్వంసమయ్యాయి, గాయానికి సంబంధించిన ఆధారాలు ఉంటే మీరే పంపండి.

అయ్యా, ఇదెక్కడి న్యాయం? కాగితం రాసింది మీరు. దాచింది మీరు. కాల్చింది మీరు. ఇప్పుడు తెమ్మనేది ఆయన్నా?

ఇంకో దారుణం చూడండి. పింఛను ఉన్నవాడి ఫైలు ఎక్కువ కాలం బతుకుతుంది. పింఛను లేనివాడి ఫైలు ముందు చస్తుంది. ఎవరికి ఆ కాగితం ఎక్కువ అవసరమో వాడిదే ముందు తగలబెడతారు.

పత్తి రైతులకి ఈ బాధ కొత్త కాదు. విత్తనం మొలవకపోతే, పూత రాలిపోతే పరిహారం అడగడానికి వెళ్తాం. బిల్లు ఏది, ఖాళీ ప్యాకెట్ ఏది అంటారు. చేను ఎదురుగా ఎండి కనిపిస్తూనే ఉంటుంది. అది సాక్ష్యం కాదు, ప్యాకెట్ సాక్ష్యం. కౌలు రైతుకి పాసుపుస్తకం ఉండదు కనుక ఆ పంటే ఆయనది కాదంటారు. ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్న వాళ్లం ఇక్కడ చాలామందిమే ఉన్నాం. ఆస్పత్రి చీటీ మీద "కిందపడ్డాడు" అని రాస్తే ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా ఏమవుతుందో మనకి బాగా తెలుసు. సైనికుడి విషయంలోనూ మొదటి రోజు రాసే మాటే జాతకం. బ్యాటిల్ క్యాజువాలిటీ అని రాశారా, ఫిజికల్ క్యాజువాలిటీ అని రాశారా? మొదటిది శత్రువు చేసిన గాయం. రెండోది ప్రమాదం, జబ్బు. ఆ రాసే గుమాస్తా ఎక్కడో ఉంటాడు. గాయపడ్డవాడు స్పృహలో లేడు. ఏం రాశారో చదివి దిద్దించే స్థితిలో ఉండడు.

ఒక గాయానికి రెండు కొలతలు

పింఛను విషయంలో సర్కారు కొంత ముందుకొచ్చింది. ఆ మాట కూడా చెప్పాలి. 2001 జనవరి 31 నాటి రక్షణ శాఖ ఉత్తర్వు గాయాలను, మరణాలను ఏ నుంచి ఇ దాకా ఐదు తరగతులు చేసింది. ఇ తరగతి అంటే యుద్ధ గాయం. శత్రువు దాడే కాదు, మందుపాతరలు పాతేటప్పుడు, తీసేటప్పుడు జరిగిన పేలుళ్లు కూడా అందులో చేర్చారు. దానికిచ్చే పింఛనులో గాయపు భాగం మామూలు వైకల్యానికి ఇచ్చేదానికంటే కనీసం రెట్టింపు. 2023 సెప్టెంబర్‌లో కొత్త నిబంధనలు వచ్చాయి గానీ, అవి ఆ తర్వాత బయటకు వచ్చిన వాళ్లకి.

పతకం మాత్రం నేరుగా శత్రువు దాడి అన్న గీత దగ్గరే ఆగింది. సరిహద్దులో మన సైన్యం పాతిన మందుపాతర పేలి కాలు పోయినవాడు పింఛను పుస్తకంలో యుద్ధ గాయపడినవాడు. పతకం దగ్గరికి వచ్చేసరికి కాడు. ఆ మందుపాతర పాతమని పంపింది ఎవరి మీదికి? పెళ్లి పందిరి వేయమని పంపలేదు కదా! పింఛను కోసం ఒప్పుకున్న నిజాన్ని పతకం కోసం ఎందుకు ఒప్పుకోరు? ఈ గీతను జరపమని అడగడం తప్పు కాదు.

సుప్రీంకోర్టు కూడా దారి చూపింది. 2013లో ధరంవీర్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు ప్రతి మాజీ సైనికుడూ తెలుసుకోవాల్సింది. సైన్యంలో చేరేనాడు నీ ఒంట్లో ఏ లోపమూ లేదని రాసి తీసుకున్నారు. వెళ్లేనాడు లోపంతో పంపారు. అలాంటప్పుడు ఆ లోపం సర్వీసు వల్ల వచ్చిందనే అనుకోవాలి, కాదంటే కాదని నిరూపించే బాధ్యత సర్కారుదే తప్ప సైనికుడిది కాదు అని చెప్పింది. అది పింఛను కేసు. కానీ అందులోని న్యాయం పింఛనుకి మాత్రమే పరిమితమైంది కాదు. సందేహం ఉంటే ఆ లాభం గాయపడ్డవాడికి దక్కాలి.

తగలబడ్డ గోదాము నేర్పిన పాఠం

ఇది కుదిరే పనేనా అని అడిగేవాళ్లకి ఒక దేశం సంగతి చెబుతాను. అమెరికాలో గాయపడిన సైనికుడికి పర్పుల్ హార్ట్ అనే పతకం ఇస్తారు. 1932లో దాన్ని తిరిగి మొదలుపెట్టినప్పుడు, అప్పటికే అయిపోయిన మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ వాళ్లకి కూడా అడిగే వీలు కల్పించారు.

1973 జూలై 12న అక్కడ సెయింట్ లూయీ నగరం దగ్గర సైనికుల రికార్డులు దాచిన భవనం తగలబడింది. 1912 నుంచి 1960 దాకా సైన్యం నుంచి బయటకొచ్చిన వాళ్ల ఫైళ్లలో సుమారు 80 శాతం బూడిదయ్యాయి. మొత్తం కోటీ 60 లక్షలకు పైగా ఫైళ్లు పోయాయి. అప్పుడు వాళ్లు ఏం చేశారు? "ఫైలు కాలిపోయింది, వెళ్లిరా" అని సరిపెట్టలేదు. దళాల రోజువారీ నివేదికలు, ఆస్పత్రి జాబితాలు, జీతాల పద్దులు వెతికి ఫైళ్లను తిరిగి కట్టే పని పెట్టుకున్నారు. అమెరికా చేసే యుద్ధాలను మనం సమర్థించనక్కర్లేదు. తన సైనికుడి కాగితం పోతే వెతకాల్సింది తానే అని ఒప్పుకోవడం మాత్రం నేర్చుకోవాల్సిందే. అక్కడ ప్రమాదవశాత్తూ కాలిన కాగితానికే ఆ పని చేశారు. ఇక్కడ నిబంధన పెట్టి మరీ ధ్వంసం చేసిన కాగితానికి ఎందుకు చేయరు?

మనం ఏం చేయాలి?

ప్రసంగాలు విని ఇంటికి పోతే పతకం రాదు. పని ఉంది. ఆ పని పంచుకుందాం.

విద్యార్థి మిత్రులారా, సెలవులకి ఊరికి వెళ్లినప్పుడు ఒక నోటు పుస్తకం పట్టుకెళ్లండి. మీ ఊళ్లో సైన్యంలో చేసి వచ్చిన ప్రతి పెద్దాయన దగ్గర కూర్చోండి. సైనిక నంబరు, రెజిమెంటు, పటాలం, ఎక్కడ గాయపడ్డాడు, ఏ నెల, ఏ ఆస్పత్రిలో పెట్టారు, పక్కన ఎవరున్నారు.. అన్నీ రాసుకోండి. సైనిక నంబరు చాలామంది ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతారు. డిశ్చార్జి పుస్తకం ఉంటే నకలు తీయించండి. ఆయన లేకపోతే ఇంట్లో అమ్మనడగండి. పాత ట్రంకు పెట్టె అడుగున ఏదో ఒక ఉత్తరం ఉంటుంది.

ఒక ముఖ్యమైన సంగతి. ఒంట్లో ఇనుపముక్క ఉన్నవాళ్లకి ఎక్స్‌రే తీయించండి. రాజ్యం కాగితాలు కాల్చింది గానీ ఆ ముక్కను కాల్చలేదు. యాభై ఏళ్ల తర్వాత కూడా అది అక్కడే తెల్లగా కనబడుతుంది. దాన్ని మించిన పత్రం ఏ రికార్డు ఆఫీసులో ఉంటుంది?

ఉద్యోగ మిత్రులారా, ఫైలు భాష మీకు తెలుసు. ఆ తెలివి ఈ పెద్దలకి అరువివ్వండి. మద్రాసు రెజిమెంటు రికార్డులు నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో, మద్రాసు ఇంజినీర్లవి బెంగళూరులో, ఫిరంగి దళానివి నాసిక్‌లో, ఇ.ఎం.ఇ. వాళ్లవి సికింద్రాబాద్‌లో ఉంటాయి. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో అర్జీ పెట్టండి. "పతకం ఇవ్వండి" అని మాత్రమే రాయవద్దు. లాంగ్ రోల్ నకలు, గాయం గురించిన పార్ట్ టూ ఆర్డరు, మెడికల్ బోర్డు కాగితాలు, ఆ నెల పటాలం వార్ డైరీలో గాయపడిన వాళ్ల పేర్లు.. ఒక్కొక్కటీ విడిగా అడగండి. లేదంటే ఎప్పుడు, ఏ నిబంధన కింద ధ్వంసం చేశారో రాతపూర్వకంగా చెప్పమనండి. "పత్రాలు మేమే ధ్వంసం చేశాం" అని వాళ్లు రాసిచ్చే ఆ ఒక్క వాక్యమే రేపు మన చేతిలో ఆయుధం. గుంటూరులో, ఒంగోలులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలున్నాయి. ప్రతి అర్జీ వాళ్ల ద్వారా కూడా పంపండి. అప్పటికీ కదలకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. మనకి చెన్నై బెంచి. ఆలస్యమైన కొద్దీ గడువు అనే గోడ ఎత్తు పెరుగుతుంది. అందుకే ఆలస్యం చేయొద్దు.

సర్కారును అడిగేవి కూడా స్పష్టంగా చెప్పుకుందాం. గాయానికి సంబంధించిన కాగితాన్ని ఎప్పటికీ ధ్వంసం చేయకూడదు. ధ్వంసమైన చోట వార్ డైరీలు, ఆస్పత్రి రిజిస్టర్లు వెతికే బాధ్యత రికార్డు ఆఫీసుదే కావాలి. ఎక్స్‌రేని, తోటి సైనికుల ప్రమాణ పత్రాలని సాక్ష్యంగా తీసుకోవాలి. మందుపాతర గాయాలకు పింఛనులో ఉన్న గుర్తింపు పతకంలోనూ ఉండాలి. మనిషి పోయి ఉంటే ఆ పతకాన్ని ఇంటివాళ్ల చేతికివ్వాలి. ఇచ్చేటప్పుడు పోస్టులో పడేయకుండా ఊళ్లోకి వచ్చి, పదిమంది మధ్య ఇవ్వాలి. ఎందుకంటే ఆయన కుంటుతూ నడిచింది ఆ పదిమంది మధ్యే.

1971లో ఇరవై ఏళ్లవాడికి ఇప్పుడు డెబ్బై దాటాయి. పోయిన తర్వాత జెండా కప్పి దండ వేయడం ఎవరికైనా తేలిక. బతికుండగా ఎదురుగా నిలబడి, "నిజమే, నీకు దెబ్బ తగిలింది, మా కోసమే తగిలింది" అని చెప్పడమే రాజ్యానికి కష్టంగా ఉంది. ఆ మాట బతికున్న వాళ్ల చెవిన పడేదాకా అడుగుతూనే ఉందాం.

సెలవు.